గోడ దాకా వచ్చిన బ్రాడ్‌బ్యాండ్, లినక్స్ దాకా

ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్‌ను చేరవేసే మోడెమ్‌లు, రూటర్లు, ఫైబర్ తీగ కొసన గోడకు బిగించే పెట్టెలు చాలావరకు లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తాయి. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లోని యంత్రభాగాలకూ వాటిని వాడుకునే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని పంచిపెట్టే మూల సాఫ్ట్‌వేర్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్, దాని సోర్స్‌కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అన్న షరతు మీద పెరిగి, నేడు ఇంటర్నెట్ సర్వర్లలో అధిక భాగాన్ని కూడా నడుపుతోంది. దారి పొడవునా లినక్సే ఉన్నా, ఆ దారి ఇంట్లో ముగిసే చోట లినక్స్ కంప్యూటర్ కనబడితే మాత్రం కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన సిబ్బంది వెనుకాడడం, 'ఇది విండోస్‌కే పనిచేస్తుంది' అని చెప్పి వెళ్లిపోవడం చాలాకాలంగా మన పట్టణాల్లో మామూలు విషయంగా ఉంటూ వచ్చింది.

సాంకేతికంగా చూస్తే ఆ మాట నిలవదు. లైను అవతల ఉన్న యంత్రానికి ఇవతల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది అక్కర లేదు. తనకు అందిన సమాచారం ఒప్పందం ప్రకారం పేర్చి ఉందా లేదా అన్నదే దానికి కావాలి. ప్రోటోకాల్ అని పిలిచే ఆ ఒప్పందాలు ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల రూపంలో ప్రపంచమంతటికీ ఉచితంగా లభిస్తాయి కాబట్టి, వాటిని చదివి లినక్స్‌కు ప్రోగ్రాములు రాసిన వారికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు. ఇబ్బంది వచ్చినదల్లా సమాచారం బయటికి రాని చోట్లనే: చిప్ తయారీదారు తన చిప్‌తో ఎలా మాట్లాడాలో చెప్పనప్పుడు, సేవాసంస్థ తన లైను వివరాలను వినియోగదారుడి చేతికి ఇవ్వనప్పుడు. ఇంటి లినక్స్ కంప్యూటర్‌కు బ్రాడ్‌బ్యాండ్ తెచ్చుకోవడంలోని చిక్కులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, ఈ రెండు మూలాల్లో ఏదో ఒకటి దాదాపు ప్రతిదాని అడుగునా కనిపిస్తుంది.

మోడెమ్ కాని మోడెమ్‌లు

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. ఆ కాలంలో కంప్యూటర్ బయట ఉండే సీరియల్ మోడెమ్ తనంతట తానే ఫోన్ నంబరు తిప్పి, సంకేతాలను మార్చుకునేది గనుక ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనైనా కుదిరేది. ధర తగ్గించే ప్రయత్నంలో తయారీదారులు మోడెమ్‌లోని ఆలోచించే భాగాన్ని తీసివేసి, ఆ పనిని విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడంతో, విన్‌మోడెమ్ అనే పేరు పడిన చౌక కార్డులు కంప్యూటర్ల లోపలికి వచ్చాయి. ఆ సాఫ్ట్‌వేర్ రహస్యం కాబట్టి లినక్స్‌లో ఆ కార్డు ఉన్నా లేనట్టే అయ్యేది. లూసెంట్, కోనెక్సాంట్ వంటి సంస్థల చిప్‌లకు తర్వాత ఏదో ఒక రూపంలో డ్రైవర్లు దొరికినా, 'లినక్స్‌లో నెట్ రాదు' అన్న అపప్రథకు పునాది పడింది ఇక్కడే.

డేటావన్ నాళ్లు

2004 అక్టోబరులో వెలువడిన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస ప్రమాణంగా నిర్ణయించింది. ఆ అంకె 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. విధానం వచ్చిన కొద్ది నెలలకే, 2005 జనవరిలో, బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో సేవను ఆరంభించి, అప్పటికే ల్యాండ్‌లైన్ ఉన్న తెలుగు మధ్యతరగతి ఇళ్లలోకి ఆ రాగి తీగ మీదుగానే బ్రాడ్‌బ్యాండ్‌ను పంపింది. మనిషి మాటకు నాలుగు కిలోహెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యాలు సరిపోతాయి కాబట్టి, అంతకు చాలా పైనున్న పౌనఃపున్యాల్లో కంప్యూటర్ సమాచారాన్ని నడిపే ఏడీఎస్‌ఎల్ అనే పద్ధతి ఒకే తీగ మీద ఫోనునూ ఇంటర్నెట్‌నూ ఏకకాలంలో సాధ్యం చేసింది. ఈ రెంటినీ వేరు చేసే చిన్న డబ్బీ పేరు స్ప్లిట్టర్. దానిని తప్పుగా కలిపితే, లేదా ఇంట్లోని రెండో ఫోనుకు అది లేకుండా తీగ లాగితే, లైను పదేపదే తెగేది. ఆ తప్పు తీగది అయినా నింద మాత్రం కంప్యూటర్ మీద, అది లినక్స్ అయితే మరింత సులువుగా పడేది.

అప్పట్లో ఇచ్చిన హువావే, యూటీ స్టార్‌కామ్ మోడెమ్‌లలో కొన్నింటికి వెనుక రెండు సాకెట్లు ఉండేవి: ఒకటి ఈథర్నెట్, రెండవది యూఎస్‌బీ. చాలా ఇళ్లలోని కంప్యూటర్లలో నెట్‌వర్క్ కార్డు లేకపోవడం వల్లనో, యూఎస్‌బీ తీగ చేతికి అందుబాటులో ఉండడం వల్లనో, దానినే తగిలించి, మోడెమ్‌తో వచ్చిన సీడీ నుంచి విండోస్ డ్రైవర్ ఎక్కించి వెళ్లడం సిబ్బందికి అలవాటుగా ఉండేది. డ్రైవర్ అంటే ఒక పరికరంతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేర్పే ప్రోగ్రాము. యూఎస్‌బీ ద్వారా మోడెమ్‌ను నడపడానికి ఒక్కో తయారీకి ఒక్కో డ్రైవర్ కావలసి వచ్చేది. ఈథర్నెట్ అలాకాక 1980ల నుంచీ ప్రమాణంగా స్థిరపడిన పద్ధతి. అందువల్ల కొన్ని వందల రూపాయలకు దొరికే రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న నెట్‌వర్క్ కార్డును కొని, మోడెమ్‌ను ఈథర్నెట్ తీగతో కలిపితే, ఆ కార్డు డ్రైవర్ కెర్నెల్‌లోనే సిద్ధంగా ఉండడం చేత సమస్యలో సగం అక్కడికక్కడే తీరిపోయేది. నాటి లినక్స్ అనుభవజ్ఞులు కొత్తవారికి ఇచ్చిన సలహాలన్నిటిలో ఇంతటి ఫలితమిచ్చినది మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

మిగిలిన సగం, మోడెమ్ ఏ తీరులో పనిచేస్తున్నదన్న దాని మీద ఆధారపడి ఉండేది. బ్రిడ్జ్ తీరులో మోడెమ్ కేవలం ఒక వంతెన. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి లైనును తెరవవలసిన బాధ్యత కంప్యూటర్‌దే. రూటర్ తీరులో ఆ పేరు, పాస్‌వర్డ్ మోడెమ్‌లోనే భద్రపరిచి ఉంటాయి. అదే లైను తెరిచి, ఇంటిలోని కంప్యూటర్లకు 192.168.1తో మొదలయ్యే చిరునామాలను డీహెచ్‌సీపీ అనే పద్ధతి ద్వారా తానే పంచుతుంది. రూటర్ తీరులో లినక్స్‌కు ప్రత్యేకంగా చేయవలసినది ఏమీ ఉండదు. ఒక తీరు నుంచి మరొక తీరుకు మార్చడానికి బ్రౌజర్‌లో 192.168.1.1 అని టైప్ చేసి మోడెమ్ సెట్టింగుల పేజీని తెరిచి, వీపీఐ, వీసీఐ అనే రెండు అంకెలను సరిగా ఇవ్వాలి. ఏటీఎం అనే పాత టెలిఫోన్ సాంకేతికతలో ఊహాత్మక దారులకు ఇచ్చే గుర్తులు అవి. బీఎస్‌ఎన్‌ఎల్‌కు అవి 0, 35. ఈ రెండు అంకెలు తెలియక నెలల తరబడి విండోస్ కోసం మరొక హార్డ్‌డిస్క్ విభాగాన్ని అట్టిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉండేవన్నది ఆ కాలపు లినక్స్ సమూహాలకు బాగా తెలిసిన విషయం.

బ్రిడ్జ్ తీరులో కంప్యూటర్ అనుసరించవలసిన ఒప్పందం పేరు పీపీపీఓఈ. టెలిఫోన్ డయలప్ కాలం నాటి పీపీపీ అనే పద్ధతిలో యూజర్‌నేమ్‌ను సరిచూడడానికీ, వాడకాన్ని లెక్కకట్టడానికీ ఏర్పాట్లు ఉన్నాయి. ఈథర్నెట్‌లో అవి లేవు. సేవాసంస్థలకు ఆ లెక్క అవసరం గనుక, ఒక కవరులో ఉన్న ఉత్తరాన్ని మరొక కవరులో పెట్టి పంపినట్టుగా, పీపీపీ సమాచారాన్ని ఈథర్నెట్ పొట్లంలో చుట్టి పంపే విధానాన్ని రూపొందించారు. 1999 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2516గా వెలువడిన ఈ ఒప్పందం ప్రకారం, కంప్యూటర్ మొదట 'లైను తెరిచే యంత్రం ఎవరైనా ఉన్నారా' అని అందరికీ వినపడేలా ఒక పిలుపు పంపుతుంది. ఎక్స్ఛేంజ్ అవతల ఉన్న యంత్రం జవాబిస్తుంది. కంప్యూటర్ దానిని ఎంచుకున్నట్టు తెలిపాక ఒక సెషన్ నంబరు అందుతుంది. ఆ తర్వాతే పేరు, పాస్‌వర్డ్ పరీక్ష జరిగి, ఐపీ చిరునామా చేతికొస్తుంది. ఈ వరుస తెలిసినవారికి లోపం ఎక్కడుందో కనుక్కోవడం తేలిక. మొదటి పిలుపుకే జవాబు రాకపోతే లోపం తీగలోనో మోడెమ్ తీరులోనో ఉంది. జవాబు వచ్చి పరీక్షలో తిరస్కారం ఎదురైతే పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు. యూజర్‌నేమ్ చివర యాట్ గుర్తు తర్వాత రావలసిన డొమైన్ భాగాన్ని వదిలేయడం ఈ రెండో కోవలోని తరచు పొరపాటు.

లినక్స్‌లో ఈ ఒప్పందాన్ని అమలు చేసిన తొలి ప్రోగ్రాములలో ప్రసిద్ధమైనది, కెనడాలోని ఒట్టావాలో రోరింగ్ పెంగ్విన్ అనే సంస్థను నడిపిన డయాన్ స్కోల్ రాసిన ఆర్‌పీ-పీపీపీఓఈ. 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నెల్ పీపీపీఓఈని తనలోనే కలుపుకోవడంతో పని మరింత వేగవంతమైంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రూపాలను వాడేవారికి పీపీపీఓఈకాన్ఫ్ అనే చిన్న ప్రోగ్రాము తోడైంది. అది కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డులన్నిటి మీదా ఆ మొదటి పిలుపును తానే పంపి, ఎక్కడ జవాబు వచ్చిందో చూసి, పేరు, పాస్‌వర్డ్ అడిగి, మిగిలిన ఫైళ్లన్నీ రాసిపెట్టేది. టెర్మినల్‌లో పెట్టెల రూపంలో కనిపించే ఆ నాలుగైదు ప్రశ్నలు ముగిశాక బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవడమన్నది, డేటావన్ కాలపు లినక్స్ వాడుకరులలో ఒక తరానికంతటికీ ఉమ్మడి అనుభవం. తర్వాతి కాలంలో నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాము ఇదే పనిని డెస్క్‌టాప్ మీది ఒక ఫారంలోకి తెచ్చింది.

బ్రిడ్జ్ తీరుకు ఒక బాధ్యత కూడా జతపడి ఉంటుంది. లైను తెరిచింది కంప్యూటరే కాబట్టి ఇంటర్నెట్ చిరునామా నేరుగా దానికే వస్తుంది. రిమోట్ లాగిన్ వంటి సేవలను తెరిచి ఉంచి, ఫైర్‌వాల్ పెట్టుకోని కంప్యూటర్‌ను లోకమంతా తట్టి చూడగలదు. రూటర్ తీరులో ఆ ప్రమాదం మోడెమ్‌కు బదిలీ అవుతుంది. మోడెమ్‌ల సెట్టింగుల పేజీకి తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడాన్ని ఆసరాగా చేసుకుని, 2017 జులైలో ఒక మాల్‌వేర్ ప్రధానంగా కర్ణాటకలో వేలాది బీఎస్‌ఎన్‌ఎల్ మోడెమ్‌లను పనికిరాకుండా చేసింది.

సగం తెరుచుకునే పేజీల రహస్యం

పీపీపీఓఈ విషయంలో ఒక చిక్కు ఎంత విచిత్రమైనదంటే, అది తెలియని మనిషి దానిని ఊహించడం దాదాపు అసాధ్యం. పింగ్ అనే చిన్న పలకరింపుకు జవాబు వస్తుంది, కొన్ని సైట్లు చకచకా తెరుచుకుంటాయి, మరికొన్ని మాత్రం పేరు కనిపించేదాకా వచ్చి అక్కడే నిలిచిపోతాయి. బ్యాంకు సైటు తెరుచుకోదు. చిన్న మెయిల్ వెళుతుంది, ఫోటో జతచేసిన మెయిల్ వెళ్లదు.

కారణం పొట్లం కొలతలో ఉంది. ఈథర్నెట్ ఒక పొట్లంలో గరిష్ఠంగా 1500 బైట్ల సమాచారాన్ని మోస్తుంది. దీనిని ఎంటీయూ అంటారు. పీపీపీఓఈ చుట్టే కవరుకు ఆరు బైట్లు, లోపలి పీపీపీ గుర్తుకు రెండు బైట్లు పోగా 1492 మాత్రమే మిగులుతాయి. 1500 బైట్ల పొట్లం ఒకటి దూరం నుంచి వచ్చి ఈ ఇరుకు దగ్గర ఆగినప్పుడు, 'ఇంత పెద్దది పట్టదు, చిన్నది పంపండి' అన్న సందేశం ఐసీఎంపీ అనే పద్ధతిలో పంపినవారికి తిరిగి వెళ్లాలి. భద్రత పేరుతో ఐసీఎంపీ సందేశాలన్నిటినీ అడ్డగించే నిర్వాహకులు మధ్యలో ఉంటే ఆ కబురు చేరదు. పంపినవారు అదే పెద్ద పొట్లాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటారు, ఇవతలి మనిషి ఖాళీ తెరను చూస్తూ ఉంటాడు. సంభాషణ మొదలయ్యేటప్పుడే 'నాకు 1452 బైట్లకు మించకుండా పంపండి' అని కంప్యూటర్ చేత చెప్పించడం దీనికి పరిష్కారం. 1492 నుంచి ఐపీ చిరునామాల భాగానికి 20, పొట్లాల వరుసను సరిచూసే టీసీపీ భాగానికి 20 తీసివేస్తే వచ్చే అంకె అది. పీపీపీఓఈకాన్ఫ్ ఈ పరిమితి గురించి ఒక ప్రశ్నగా అడిగేది. అవునన్నవారికి బ్యాంకు సైట్లు తెరుచుకునేవి, అర్థం కాక కాదన్నవారు ఆ సైట్లు లినక్స్‌కు పడవని తీర్మానించుకునేవారు. నేటికీ ఫైబర్ లైన్ల మీద పీపీపీఓఈ నడుస్తూనే ఉంది గనుక, సొంత రూటర్‌ను పెట్టుకున్న ఇళ్లలో ఈ లక్షణం అప్పుడప్పుడు తిరిగి కనిపిస్తుంది.

నెట్ లేకుండా నెట్ తెచ్చుకోవడం

కావలసిన డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఆ డ్రైవర్ ఉంటే తప్ప ఇంటర్నెట్ రాదు. ఈ వలయం నుంచి బయటపడే దారులు కాలాన్ని బట్టి మారాయి. డేటావన్ ప్లాన్లలో నెలకు 400 మెగాబైట్లు, ఒక గిగాబైట్ వంటి పరిమితులుండగా, ఒక లినక్స్ సీడీ 700 మెగాబైట్లు ఉండేది. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల దాకా వాడకానికి లెక్క ఉండేది కాదు. అయితే 256 కిలోబిట్ల వేగంతో 700 మెగాబైట్లు దిగడానికి ఆరు గంటలు దాటుతుంది కాబట్టి ఒక రాత్రిలో ఒక సీడీ పూర్తయ్యేది కాదు, మధ్యలో ఆగినచోటి నుంచి కొనసాగించగల ప్రోగ్రాములే దిక్కు. ఉబుంటు వెనుకనున్న కెనానికల్ సంస్థ 2005 నుంచి 2011 దాకా షిప్‌ఇట్ పథకం కింద అడిగినవారికి సీడీలను ఉచితంగా పోస్టులో పంపడం, 2003లో మొదలైన 'లినక్స్ ఫర్ యూ' మాసపత్రిక సంచికతో పాటు డిస్కును ఇవ్వడం భారతీయ విద్యార్థులకు చేసిన మేలు చిన్నది కాదు. తెలుగు నేల మీద ఆ పనిని మనుషుల మధ్యకు తెచ్చినది స్వేచ్ఛ సంస్థ. 2005లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారంతో పాటు తెలుగులో పలికే లినక్స్ రూపాన్ని కూడా సిద్ధం చేసిన ఈ సంస్థ వల్ల, ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు ఎందరికో లినక్స్ పరిచయం తోటివారి నోట, తోటివారి చేతుల మీదుగా జరిగింది.

ఇప్పుడు అదే వలయాన్ని ఛేదించే సాధనం అందరి జేబుల్లోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేస్తే, లినక్స్ దానిని ఒక నెట్‌వర్క్ కార్డుగా గుర్తించి ఫోను డేటాను వాడుకుంటుంది. ఇంటి వైఫైకి కావలసిన డ్రైవర్‌ను పది నిమిషాల్లో దించుకోవచ్చు.

కేబుల్ ఆపరేటర్ లాగిన్

టెలిఫోన్ తీగకు సమాంతరంగా, టీవీ కేబుల్ వేసిన ఆపరేటర్లే అపార్టుమెంట్ల మీదుగా ఈథర్నెట్ తీగలు లాగి ఇచ్చిన కనెక్షన్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో విస్తరించాయి. వీటిలో కొన్ని బ్రౌజర్‌లో తెరుచుకునే లాగిన్ పేజీతో పనిచేసేవి కాబట్టి లినక్స్‌కు ఇబ్బంది ఉండేది కాదు. కొన్ని సంస్థలు మాత్రం విండోస్‌లో మాత్రమే నడిచే సొంత లాగిన్ ప్రోగ్రామును తప్పనిసరి చేశాయి. అటువంటి చోట లినక్స్ వాడుకరులు ఆ ప్రోగ్రాము సర్వర్‌కు ఏమి పంపుతున్నదో గమనించి, అదే పని చేసే చిన్న స్క్రిప్టులు రాసుకుని ఒకరికొకరు పంచుకున్నారు. సంస్థ ఒక పేజీ నిడివి గల వివరం బయటపెట్టి ఉంటే ఆ శ్రమంతా అక్కరలేకపోయేది. మరొక అడ్డంకి మ్యాక్ చిరునామా. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ తయారీలోనే ఇచ్చే ఈ గుర్తింపు సంఖ్యను కొందరు ఆపరేటర్లు కనెక్షన్ ఇచ్చిన రోజునే నమోదు చేసుకుని, వేరే కార్డు కనబడితే లైను ఇవ్వరు. పాత ల్యాప్‌టాప్‌లో వచ్చిన నెట్ కొత్త లినక్స్ కంప్యూటర్‌లో రాకపోతే, ఆపరేటర్‌కు ఫోను చేసి కొత్త సంఖ్యను నమోదు చేయించాలి.

ఫైబర్ వచ్చాక

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగా కేబుల్ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా పల్లెల దాకా కనెక్షన్లు ఇవ్వడం, తెలంగాణలో టీ-ఫైబర్ పనులు, కేంద్రం చేపట్టిన భారత్‌నెట్, వీటన్నిటికీ తోడు ప్రైవేటు సంస్థల పోటీ కలిసి రాగి తీగను వెనక్కి నెట్టాయి. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి జీపాన్. ఒక ఫైబర్‌లో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు ఇళ్ల వైపు, 1.25 గిగాబిట్లు తిరుగు దిశలో వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతి మీద ప్రయాణిస్తాయి. కరెంటు అక్కరలేని స్ప్లిట్టర్ ఆ కాంతిని 32, 64 ఇళ్లకు పంచుతుంది. ఇంటి కొసన కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. లాస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి పెట్టె దాకా రావడం లేదని అర్థం. అప్పుడు లినక్స్‌లో ఏది మార్చినా ప్రయోజనం ఉండదు.

ఓఎన్‌టీలో లైను తెరిచే పనీ, వైఫై పనీ కలిసి ఉండడం వల్ల లినక్స్‌కు ఈథర్నెట్ తీగ తగిలిస్తే చాలు, చిరునామా దానంతట అదే వస్తుంది. డేటావన్ కాలపు కష్టాలు ఇక్కడ దాదాపుగా ముగిశాయి. అయితే ఇళ్లలో ఈథర్నెట్ తీగ వాడేవారు తగ్గి, ల్యాప్‌టాప్‌లు వైఫై మీదే ఆధారపడడంతో, చిక్కు వైఫై చిప్ దగ్గరకు జరిగింది.

చాలా వైఫై చిప్‌లకు డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ కూడా కావాలి. ఫర్మ్‌వేర్ అంటే చిప్ లోపలే నడవడానికి, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ దానిలోకి ఎక్కించే ప్రోగ్రాము. తయారీదారులు దాని సోర్స్‌కోడ్‌ను ఇవ్వరు. కొందరైతే పంచుకునే అనుమతిని సైతం చాలాకాలం ఇవ్వలేదు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు తయారీదారు సాయం లేకుండానే లినక్స్ డ్రైవర్ రాయడం ఈ రంగంలో అబ్బురపరిచే ఘట్టం. ఒక బృందం చిప్ ప్రవర్తనను పరిశోధించి వివరాలను పత్రంగా రాస్తే, తయారీదారు డ్రైవర్‌ను ఎన్నడూ చూడని మరొక బృందం ఆ పత్రం ఆధారంగానే కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న ఆరోపణకు చోటివ్వకూడదన్న జాగ్రత్త అది. 2006లో 2.6.17 కెర్నెల్‌లోకి ఆ డ్రైవర్ చేరింది. అయినా ఫర్మ్‌వేర్‌ను మాత్రం వాడుకరి విండోస్ డ్రైవర్ నుంచి వేరే సాధనంతో కత్తిరించి తీసుకోవలసి వచ్చేది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తనంతట తానే కొన్ని చిప్‌లకు ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌ను విడుదల చేసింది. స్వేచ్ఛ విషయంలో రాజీపడదని పేరున్న డెబియన్ ప్రాజెక్టు సైతం, 2022లో సభ్యుల ఓటింగ్ జరిపి, 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుంచి ఇటువంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చింది. సిద్ధాంతం దృష్ట్యా అది వెనకడుగని బాధపడినవారున్నారు. కానీ ఇన్‌స్టాల్ చేసిన తొలి క్షణంలోనే వైఫై కనిపించని కారణంగా లినక్స్‌ను వదిలేసిన వారి సంఖ్యను తలచుకుంటే, ఆ నిర్ణయం సరైనదనే చెప్పాలి.

ఇంకా మిగిలిన ఇబ్బందులు చౌక యూఎస్‌బీ వైఫై డాంగిళ్ల దగ్గర ఉన్నాయి. వాటిలో కొన్ని తగిలించగానే తమను సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. లోపల ఉన్న విండోస్ డ్రైవర్‌ను ఎక్కించడానికి తయారీదారు చేసిన ఏర్పాటది. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాము ఆ ముసుగును తీయించి, డాంగిల్ చేత దాని అసలు పని చేయిస్తుంది. కెర్నెల్‌లో లేని డ్రైవర్‌ను విడిగా ఎక్కించుకోవలసి వస్తే, సెక్యూర్‌బూట్ అనే భద్రతా ఏర్పాటు సంతకం లేని ఆ డ్రైవర్‌ను నిశ్శబ్దంగా తిరస్కరించవచ్చు. కొనే ముందే చిప్ పేరు తెలుసుకుని, కెర్నెల్‌లో డ్రైవర్ ఉన్నదానినే ఎంచుకోవడం వీటన్నిటికన్నా సులువైన మార్గం.

వెతకవలసిన వరుస

లోపాన్ని వెతికేటప్పుడు తీగ నుంచి మొదలుపెట్టి పైకి రావడం పద్ధతి. మొదట ఓఎన్‌టీ దీపాలు. తర్వాత కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు కనిపిస్తున్నదా అన్నది. ఆ తర్వాత చిరునామా. చిరునామా 169.254తో మొదలైతే రూటర్ నుంచి ఏ జవాబూ రాక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. చిరునామా సరిగా ఉంటే రూటర్‌ను పింగ్ చేయాలి, అంటే ఒక చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందేమో చూడాలి, తర్వాత 8.8.8.8 వంటి బయటి చిరునామాను, చివరగా ఒక సైటును పేరుతో పింగ్ చేయాలి. అంకెలతో జవాబు వచ్చి పేరుతో రాకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉంది. సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చి చెప్పే వ్యవస్థ అది. ఇటీవలి ఉబుంటులో ఆ బాధ్యతను సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ అనే సేవ చూస్తుంది కాబట్టి, పాత పుస్తకాల్లో చెప్పినట్టు రిసాల్వ్‌కాన్ఫ్ ఫైలును చేత్తో సవరిస్తే కొద్దిసేపటికే ఆ మార్పు చెరిగిపోతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ ద్వారానే మార్చాలి. ఈ వరుసను పాటించినవారు కస్టమర్‌కేర్‌కు ఫోను చేసినప్పుడు 'లినక్స్‌కు మా సపోర్ట్ లేదు' అన్న మాట వద్ద ఆగిపోకుండా, లోపం లైనులోనే ఉందని ఆధారంతో చెప్పగలుగుతారు.

చేతికి రావలసిన వివరాలు

ఓఎన్‌టీ అన్ని పనులూ చేస్తున్నప్పుడు వినియోగదారుడికి లైను వివరాలు ఎందుకన్న ప్రశ్న సహజమే. 2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ మార్కెట్‌లోకి తెచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ లోపల లినక్స్ ఉందని బయటపడి, లైసెన్స్ షరతు ప్రకారం 2003లో ఆ సంస్థ సోర్స్‌కోడ్‌ను విడుదల చేయవలసి రావడంతో, ఆ కోడ్ పునాదిగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు 2004లో పుట్టింది. తయారీదారు వదిలేసిన పాత రూటర్లకు సైతం భద్రతా సవరణలు, ప్రకటనల అడ్డగింపు, పిల్లల వాడకానికి వేళల నియంత్రణ వంటి సౌకర్యాలను అది ఉచితంగా తెచ్చింది. అటువంటి రూటర్‌నో, ఒక పాత లినక్స్ కంప్యూటర్‌నో ఇంటి ముఖద్వారంగా నిలపాలంటే ఓఎన్‌టీని బ్రిడ్జ్ తీరులోకి మార్చాలి. అందుకు లైను వివరాలు కావాలి. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమలైన చట్టం, వినియోగదారుడు తనకు నచ్చిన రూటర్‌ను పెట్టుకునే హక్కును గుర్తించి, లైను తెరవడానికి కావలసిన వివరాలను అడగకుండానే, ఉచితంగా ఇవ్వవలసిన బాధ్యతను సేవాసంస్థల మీద ఉంచింది. మన దగ్గర ఈ వివరాలు చాలాసార్లు కనెక్షన్ బిగించిన మనిషి ఫోనులోనే ఉండిపోతాయి.

అందువల్ల ఫైబర్ బిగించిన రోజునే, సిబ్బంది ఇంట్లో ఉండగానే కొన్నిటిని కాగితం మీద రాయించుకోవడం అవసరం: డొమైన్ భాగంతో సహా పూర్తి యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, లైను మీద సంస్థ వాడే వీలాన్ సంఖ్య, ఓఎన్‌టీ సెట్టింగుల పేజీ లాగిన్. ఒకే తీగ మీద ఇంటర్నెట్, ఫోను, టీవీ ప్రవాహాలను వేరుచేసే గుర్తు వీలాన్. డేటావన్ కాలంలో 0, 35 అంకెలు చేసిన పనినే ఇప్పుడది చేస్తుంది. ఇంటి లినక్స్ కంప్యూటర్‌ను బయటి నుంచి తెరిచి చూసుకోవాలనుకునేవారు మరొక ప్రశ్న కూడా అడగాలి. ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల సంస్థలు ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు ఉమ్మడిగా పంచుతున్నాయి. రూటర్‌లో కనిపించే చిరునామాలోని మొదటి రెండు అంకెలు 100.64 నుంచి 100.127 వరకు గల శ్రేణిలో ఉంటే ఆ ఇల్లు అటువంటి ఉమ్మడిలో ఉన్నట్టే, దానిలోకి బయటి నుంచి ఐపీవీ4 దారి లేనట్టే. అదే లైను మీద ఆ కొరత లేని ఐపీవీ6 చిరునామా ఇస్తున్నారో లేదో, లేకపోతే స్థిర చిరునామాకు ఎంత తీసుకుంటారో కనెక్షన్ ఫారం మీద సంతకం చేయకముందే తెలుసుకోవాలి.